దివానుగారింటి తలుపు

అనగనగా ఏటి ఒడ్డున గవరమ్మ పాతసామాను పాక ఉండేది. ఉన్నవాళ్లు ఊరికే ఇచ్చిన దూలాలు, పెంకులు, కిటికీలు అక్కడ చవగ్గా అమ్మేది. ఆ డబ్బుతో వరదకి కూలిన గోడలు కట్టించేది. ఒక్కటే కట్టుబాటు. ఎవరింట ఏది లేదో ముందు డప్పు కొట్టే సన్యాసి చేత ఊరంతా దండోరా వేయించి, ఆ తర్వాతే సామాను ఇచ్చేది.

ఒకనాడు చిలకలు చెక్కిన టేకు తలుపు వచ్చింది. ఎండ తగిలితే ఆ చిలకలు ఎగిరిపోతాయేమో అన్నంత అందం! గవరమ్మ దాన్ని కుమ్మరి నూకాలుకి ఇద్దామనుకుంది. వరదకి తలుపు పోయి, నూకాలు గుమ్మానికి చాప కట్టుకుంది. నక్కలొచ్చి కోళ్లని ఎత్తుకుపోతున్నాయి.

ఇంతలో దివాను విరూపాక్షయ్య పల్లకీ దిగాడు. వెనకే ఆయన ఎడ్లబండి ఆగింది.

"ఆ తలుపు నా బండి ఎక్కించు."

"తలుపు లేనివాళ్లకే బాబయ్యా."

"నాకూ లేదనుకోవే!"

"అయ్యో పాపం! ఒరే సన్యాసీ, డప్పు తియ్యి. దివానుగారింటికి తలుపు లేదని పొరుగూరి సంత దాకా చాటిరా!"

దివానుకి ఇంట్లో నగలపెట్టె గుర్తొచ్చింది. పరుగున వెళ్లి డప్పుకి అడ్డం పడ్డాడు.

"ఆగరా! ఉంది, ఉంది! పెరట్లో ఇంకోటి ఖాళీగా కూడా ఉంది!"

"అయితే మాట మార్చరా సన్యాసీ. పెరట్లో ఖాళీగా ఉన్న తలుపుని దివానుగారు పాకకి దానం చేస్తున్నారని చాటు!"

చుట్టూ ఉన్న జనం చేతులెత్తి దండాలు పెట్టేశారు. ఇంక కాదనేదెలా?

సాయంత్రానికి నూకాలు గుమ్మంలో చిలకలు వాలాయి. దివానుగారి తలుపు ఎడ్లబండెక్కి పాకకి వచ్చింది. దాని ముందు డప్పు మోగుతూనే ఉంది.