కాటుక ఎంచుకున్న అంగీ

ఒకానొక కొండరాజ్యం ఉండేది. అక్కడ కార్తీకం సగం దాటిందంటే పొయ్యిమీది ఎసరు కూడా మరగడానికి బద్ధకించేది. అంత చలి. ఆ రాజ్యాన్ని ఏలే గజకేసరి మహారాజుకు మాత్రం చలిబాధ కన్నా బిరుదుల బాధ ఎక్కువ. వందిమాగధులు ఆయన బిరుదులన్నీ చదివి ముగించేసరికి సభలో సగంమందికి కాళ్ళు తిమ్మిరెక్కేవి. తమది సూర్యవంశమని ఆస్థాన పండితుడి చేత వంశావళి రాయించి, దాన్ని రోజూ చదివించుకుని వినేవాడు.

అక్కడ భైరవాష్టమి పెద్ద పండుగ. ఆ రోజు ఊళ్ళోని కుక్కలన్నిటికీ గారెల దండలు వేసి పూజిస్తారు. రాజుగారి కుక్క కొత్త అంగీ తొడుక్కుని ఊరేగింపులో ముందు నడుస్తుంది, రాజు దాని వెనక నడుస్తాడు. కుక్క ఒట్టి ఒంటితో నడిస్తే ఆ ఏడు రాజ్యానికి అరిష్టమని జనం నమ్మకం.

రాజుగారి కుక్క పేరు కాటుక. ఒక్క తెల్ల వెంట్రుకైనా లేని నల్లకుక్క. నిజానికి అది రాజుగారి తండ్రి, చనిపోయిన పెద్దరాజుగారిది. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. అప్పటినుంచి అది సభలో సింహాసనం ముందు తప్ప ఇంకెక్కడా కూర్చోదు. కూర్చుని రాజును చూస్తుందా అంటే చూడదు. రాజు భుజం పైనుంచి, వెనక ఎవరో ఉన్నట్టు చూస్తుంది. తోక ఆడిస్తుంది. ఉన్నట్టుండి దాని చెవులు రెండూ వెనక్కి వాలిపోతాయి, ఎవరో తల నిమిరినట్టు. అప్పుడు సభలో అందరూ నేలచూపులు చూస్తారు.

రాజు మాత్రం ఏమీ ఎరగనట్టే కూర్చునేవాడు. సూర్యవంశంలో భయం అనేది లేదని వంశావళిలో రాసి ఉంది మరి!

పెద్దరాజు చనిపోయిన ఏడాది మైలని పండుగ చేయలేదు. ఈ ఏడు ఘనంగా చేయాలని రాజు పట్టుబట్టాడు. ఆస్థాన దర్జీ జరీ పట్టుతో అంగీ కుట్టాడు. కాటుక బుద్ధిగా తొడిగించుకుంది. తొడుక్కుని సింహాసనం దాకా వెళ్ళి, పైకి చూసి, ఒక్కసారి మూలిగింది. తర్వాత ఆ అంగీని పళ్ళతో లాగి పక్కన పెట్టేసింది. కోపంగా చింపలేదు. తనది కానిదాన్ని ఎవరో పొరపాటున ఇస్తే తిరిగి ఇచ్చేసినట్టు, నెమ్మదిగా తీసింది.

రెండో దర్జీ ముఖమల్ అంగీ తెచ్చాడు. దానికీ అదే గతి పట్టింది. రాజు ఇద్దరినీ చెరసాలలో వేయించాడు.

మూడోవాడు కొమరయ్య. కొండ కింద గొర్రెలు కాస్తూ గొంగళ్ళు నేసుకునేవాడు. పసిగొర్రె ఉన్నితో, బంతిపువ్వు రంగు అద్ది, వెన్నలాంటి అంగీ నేసి తెచ్చాడు. కాటుక దాన్నీ తీసి పక్కన పెట్టింది.

"ప్రభూ, వీడి దారంలో ఏదో ఉంది" అన్నాడు ఆస్థాన పండితుడు. కుక్క వైపు చూడటానికి ఆయనకు ధైర్యం లేదు, కొమరయ్య వైపు చూడటానికి ఉంది.

రాజు మీసం దువ్వాడు. "రేపు అష్టమి. పొద్దుగుంకేలోగా కుక్క ఒంటిమీద అంగీ నిలవకపోతే, ఒరే కొమరయ్యా, నువ్వూ నీ పెళ్ళామూ కనుమ దాటి పోవాలి."

ఆ చలిలో కనుమ ఎక్కినవాళ్ళు తిరిగి వచ్చింది లేదు. ఎండలు ముదిరాక వాళ్ళ చేతికర్రలు మాత్రం దొరికేవి.

సభలో ఓబులయ్య అనే చమత్కారి ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. రాజుగారు పరువు తక్కువని నవ్వడం మానేశారు కాబట్టి ఆ ఉద్యోగంలో పని లేదు. ఆ మధ్యాహ్నం అతను కొమరయ్య గుడిసెకు వెళ్ళాడు.

"నేనేం పాపం చేసిన అయ్యా?" అంటూ కొమరయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఆ కుక్క నా బుజంమీది గొంగడి వాసన చూసి, దానిమీద గదుమ ఆనిచ్చి కండ్లు మూసుకున్నది. నేను నేసిన అంగీ మాత్రం వద్దంటున్నది."

"నీ పాత గొంగడి మీద దానికి ఎందుకంత ప్రేమ?"

"పెద్దరాజు కప్పుకునేది గిసొంటిదే. ఎర్ర అంచు ఏసి నేనే నేసిచ్చిన. 'మా తాత గొర్లు కాసిండు, నాకేం సిగ్గురా' అని అందరి ముందట్నే కప్పుకునేటోడు."

"ఆయన పోయాక ఆ గొంగడి ఎవరికి దానం ఇచ్చారు?"

మూల కూర్చుని కదురు తిప్పుతున్న కొమరయ్య భార్య బీరమ్మ చెయ్యి ఆపింది.

"ఎవలకియ్యలే" అంది. "మా దిక్కు పోయినోళ్ళ గొంగడి ఎవలకన్న ఇయ్యాలె. ఇయ్యకుంటే వాళ్ళకు ఆడ సలిపెడ్తది. సలికి ఆగలేక, గొంగడి యాడుంటే ఆడికొచ్చి కూసుంటరు."

ఓబులయ్యకు రాజు కూర్చునే చోటు గుర్తొచ్చింది. పట్టాభిషేకం నాటినుంచి సింహాసనం మీది మెత్త జానెడు లావెక్కింది. దాన్ని దులపడానికి కూడా రాజు ఎవరినీ ముట్టుకోనివ్వడు. గొర్రెలకాపరి మనవడి గొంగడిని నలుగురిలో దానం ఇవ్వడానికి పరువు అడ్డం వచ్చింది. తండ్రి బట్టను కాల్చడానికి చెయ్యి రాలేదు. అందుకని ఎవరూ వెతకని చోట కుట్టించి, పైన తానే కూర్చున్నాడన్నమాట. ఈ సంగతి బయటపెడితే తన తల ఉంటుందో లేదో తెలియదు. పెట్టకపోతే ఈ మొగుడూ పెళ్ళాలు రేపు కనుమ ఎక్కాలి.

మర్నాడు సభలోకి కూడా పొగమంచు వచ్చింది. ఓబులయ్య చేతులు జోడించి లేచాడు.

"ప్రభూ, ఇంతవరకు అంగీ మనం ఎంచాం. తొడుక్కునేది కాటుక. ఇవాళ దాన్నే ఎంచుకోనిద్దాం. కోటలో ఉన్న బట్టలన్నీ తెప్పించి పరచమనండి. కాకపోతే ఒక్క అనుమానం. అది పొరపాటున ఏలినవారి వస్తువునే కోరుకుంటే?"

"నా ఒంటిమీది పట్టు కోరినా, నా సింహాసనం కోరినా ఇస్తాను!" రాజు ఛాతీ విరుచుకున్నాడు. "సూర్యవంశపు రాజు మాట!"

"మహాప్రసాదం" అన్నాడు ఓబులయ్య. అతని కాళ్ళు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

సభ పొడవునా బట్టలు పరిచారు. పట్టు, ముఖమల్, శాలువాలు, మంత్రిగారి తలపాగా కూడా. కొమరయ్య, బీరమ్మ స్తంభం పక్కన ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. కాటుక ఒక్కోదాన్నీ వాసన చూసుకుంటూ వచ్చింది. ఎక్కడా ఆగలేదు. సింహాసనం మెట్టుమీద ముందుకాళ్ళు పెట్టి, ఎప్పటిలాగే రాజు భుజం పైనుంచి చూసింది. చెవులు వాల్చింది. తర్వాత మూతి రాజు తొడ కిందికి దూర్చి, మెత్తను పట్టి లాగింది.

రాజు ముఖం తెల్లబోయింది. "కుక్కకు పిచ్చెక్కింది! కట్టెయ్యండి!"

ఎవరూ కదలలేదు.

"మాట ఇచ్చారు ప్రభూ" అన్నాడు ఓబులయ్య మెల్లగా.

రాజు లేచాడు. లేవక ఏం చేస్తాడు, అంత పెద్ద మాట అన్నాక! మెత్త కింద పడి కుట్లు తెగాయి. లోపలినుంచి ఎర్ర అంచు నల్లగొంగడి ఒకటి జారింది. గొర్రె ఉన్ని వాసన, నెగడి పొగ వాసన సభంతా నిండాయి. పెద్దరాజు కొలువు చేసిన ముసలివాళ్ళు తమకు తెలియకుండానే లేచి నిలబడ్డారు. నిలబడ్డాక, ఎవరు వచ్చారని లేచామా అని ఒకరినొకరు చూసుకున్నారు.

రాజు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. "ఓబులయ్యా! తండ్రిని కింద వేసుకుని కూర్చున్నానని పదిమందికీ చూపించావు. దీనికి శిక్ష ఏమిటో తెలుసా?"

ఓబులయ్య తల వంచలేదు. "కింద వేసుకోవడం ఏమిటి ప్రభూ? కొడుకు కూర్చునేది తండ్రి ఒడిలో. రెండేళ్ళుగా తమరు పెద్దరాజుగారి ఒడిలో కూర్చునే రాజ్యం ఏలుతున్నారు. కాటుక చూస్తున్నది ఆయన ముఖాన్ని. ఒడిలో కూర్చున్నవాడికి వెనకనున్న ముఖం కనపడదు, అందుకే తమరికి తెలియలేదు. ఆయన తమరిమీద కోపంతో రాలేదు. చలి వేసి వచ్చారు. ఆ గొంగడి ఇచ్చేసి, వెచ్చగా సాగనంపండి."

రాజు రెండేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగి ఖాళీ సింహాసనాన్ని చూశాడు. కత్తిపిడి మీది చెయ్యి జారిపోయింది.

"ఒడా?" అన్నాడు చిన్నపిల్లవాడిలా.

అప్పుడు నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో, ఆ పైన పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా నవ్వాడు. ఆ నవ్వు విని ముసలివాళ్ళకు రోమాలు లేచాయి. అది అచ్చంగా పెద్దరాజు నవ్వు. కాటుక సింహాసనం వైపునుంచి చూపు తిప్పేసుకుని, రాజు దగ్గరికి పరుగెత్తింది.

రాజు తన చేత్తోనే గొంగడి తీసి కుక్కమీద కప్పాడు. కొమరయ్య అక్కడికక్కడే కూర్చుని దాన్ని అంగీగా కుట్టాడు. కాటుక కదలకుండా తొడిగించుకుంది, మళ్ళీ విప్పలేదు. చెరసాలలోని దర్జీలను విడిచిపెట్టి ఇళ్ళకు పంపారు. పొద్దుగుంకకముందే ఊరేగింపు కదిలింది. ముందు ముతక అంగీలో కుక్క, వెనక చెప్పులు లేకుండా రాజు. ఆ పూట బిరుదులు చదవబోతే రాజే చేత్తో వద్దన్నాడు. వంశావళిని గొర్రెల దగ్గరనుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయమని పండితుడికి ఆజ్ఞ అయింది. పాపం, ఆయన ఆ రోజు గారెలు తినలేదు.

ఊరేగింపు ముగిశాక రాజు ఓబులయ్యను పిలిచి, మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. "ఇది నా సంతోషానికి. నీకేం కావాలో అది కూడా కోరుకో."

"పొద్దుటినుంచి వణుకుతున్నాను ప్రభూ. చలికో, భయానికో నాకే తెలియడం లేదు. ఒక గొంగడి ఇప్పించండి."

"చలికైతే గొంగడి సరే. భయానికైతే?"

"భయానికైనా అదే ప్రభూ, ముసుగుతన్ని పడుకుంటాను. కాకపోతే చిన్న మనవి. కొమరయ్య చేత కొత్తది నేయించి ఇవ్వండి. ఇంతకుముందు ఎవరూ కప్పుకోనిది."

రాజు మళ్ళీ పెద్దరాజులా పగలబడి నవ్వి, ఒకటి కాదు, రెండు కొత్త గొంగళ్ళు ఇప్పించాడు.