బెత్తెడు ఖాళీ

అనగనగా, రాజులకు రాజ్యాల కన్నా మీసాలు పెద్దవిగా ఉన్న కాలంలో, రాళ్లబండ అని ఒక ఊరు ఉండేది. పేరుకు తగ్గట్టే ఊరంతా బండ. మోకాలి లోతు తవ్వితే రాయి తగిలేది. అక్కడ చెట్లు పెరగవు, పంటలు పండవు. ఇళ్లు మాత్రం బాగా నిలుస్తాయి. ఆ ఒక్క సంగతికే ఆ ఊరివాళ్లు పునాది అనేదాన్ని తామే కనిపెట్టినట్టు మాట్లాడేవారు.

వెనకటికి ఆ ఊళ్లో ఇల్లు కట్టడమంటే కొట్లాటే. కట్టించుకునేవాడు ఒకటి అనుకుంటే, గీసేవాడు ఇంకొకటి గీసేవాడు. కట్టేవాడు మూడోది కట్టేవాడు. ఒకాయన ఇంటికి మెట్లు వచ్చాయి గాని తలుపు రాలేదు. ఆయన చాలాకాలం ఆ మెట్ల మీదే కాపురం చేశాడు.

చూసి చూసి విసిగి, ఊరి పెద్దలు ఒక పత్రం రాశారు. దాని పేరు కట్టుబడి పత్రం. అందులో పన్నెండు మాటలు. గీసేవాడి పని ఏది, కట్టేవాడి పని ఏది, కట్టించుకునేవాడు ఎక్కడ నోరు విప్పాలి, ఎక్కడ మూసుకోవాలి, అన్నీ ఉన్నాయి. ఏ ఇల్లు కట్టినా అదే పత్రం. ముగ్గు పోసిన చోట నిలబడి లేఖరి ఒక్కొక్క మాటే చదివేవాడు. ప్రతి మాటకూ ముగ్గురూ "సరే" అనాలి. పన్నెండు సరేలు అయ్యాకే గునపం నేలను తాకాలి.

మంచి పత్రమే. దానివల్ల ఊళ్లో కొట్లాటలు పోయాయి. చూడడానికి ఏమీ లేక కొందరు కొన్నాళ్లు దిగులు పడ్డారు కూడా.

అందులో ఆరో మాట పునాది గురించి. "ఈ నేలలో పునాది ఇంత లోతు" అని రాసి, ఆ లోతు రాయవలసిన చోట పెద్దలు బెత్తెడు ఖాళీ వదిలారు. ముగ్గురూ వెళ్లి, గొయ్యి తీసి, గట్టి నేల ఎక్కడ తగిలిందో చూసి, ఆ తరవాతే ఖాళీ నింపాలని ఆచారం.

మూడు తరాలు గడిచాయి. లేఖరి పని సూరప్పకు వచ్చింది. సూరప్ప దస్తూరి ముత్యాల పేరు. మనిషి మాత్రం ఒక ఆవలింతను రెండు విడతల్లో పూర్తి చేసేవాడు. ఎక్కడ గొయ్యి తీసినా మోకాలి లోతే కదా, రేపు రాయబోయేది ఇవాళే రాసేస్తే పోలా అనుకున్నాడు. ప్రతులన్నిటిలోనూ ముందే "మోకాలి లోతు" అని రాసి పెట్టుకున్నాడు.

ఖాళీ పోయింది. ఖాళీతో పాటు గొయ్యి తీయడం పోయింది. పన్నెండు సరేలు మెల్లగా ఒక్క సరే అయ్యాయి. ఎవరూ అడగలేదు. ఎండలో నిలబడి పన్నెండు మాటలు వినాలని ఎవరికి సరదా?

ఆ ఊళ్లో చంగయ్య అనే నేతగాడు, అతని భార్య మునెమ్మ ఉండేవారు. వాళ్లకు ఇల్లు లేదు. ఎవరిదో పశువుల పాకలో ఒక మూల మగ్గం వేసుకున్నారు. వాన వస్తే పడుగు తడిసేది. వాన రాకపోతే ఎద్దు వచ్చి పడుగు నమిలేది. పదహారేళ్లు అలా గడిపి, చివరికి కొమ్మరాజుగారిని ఆశ్రయించి వాగు ఒడ్డున కాస్త జాగా సంపాదించారు. కొమ్మరాజుగారి రాజ్యం మూడు ఊళ్లే గాని దానంలో చక్రవర్తి. ఎవరికీ అక్కర్లేని నేల అడిగితే ఆలోచించకుండా ఇచ్చేసేవారు.

మునెమ్మకు ఒక్కటే కోరిక. తడవని గోడ పక్కన కూర్చుని ఒక్క చీరైనా మొదటి నుంచి చివరిదాకా నేయాలి.

వాగు ఒడ్డు నేల బండ కాదు, నల్లరేగడి.

ముగ్గు పోసిన రోజున అందరూ వచ్చారు. ఇల్లు గీసినవాడు పోలోజు, డెబ్బై ఏళ్లవాడు. తను గీసిన ఇళ్ల గురించి చెప్పడం మొదలుపెడితే, విన్నవాళ్లు తమ ఇల్లు ఎక్కడో మరిచిపోయేవారు. కట్టేవాడు తాపీ మేస్త్రీ ఎర్రప్ప. అతని గోడ నిటారు, మాట వంకర.

సూరప్ప పత్రం విప్పాడు. మొదటి మాట చదివాడు. దగ్గాడు. చివరి మాట చదివాడు.

"అందరికీ సరేనా?" అన్నాడు.

మునెమ్మ ముందుకు వచ్చింది. "లేఖరిగారూ, పునాది ఎంత లోతు రాశారు?"

"మోకాలి లోతు, తల్లీ."

"మగ్గం గుంట కోసం నిన్న ఇక్కడ తవ్వి చూశాను. నడుము లోతు దిగినా నల్లమట్టే. ఎండకు నెర్రెలు విచ్చే నేల ఇది, వానకు ఉబ్బుతుంది. కదిలే నేల మీద కదలని గోడ ఎలా నిలుస్తుంది?"

సూరప్ప పత్రం ఆమె ముఖం ముందుకు చాపాడు. "చూసుకో, అక్షరం ఎక్కడైనా వంకర పోయిందా? తాతలనాటి పత్రాన్ని నీ మగ్గం గుంట కోసం మార్చమంటావా?"

మునెమ్మ పోలోజు వైపు తిరిగింది. "తాతా, మీరైనా ఒక్క గొయ్యి తీయించి చూడండి."

"నలభై ఏళ్లుగా గీస్తున్నానమ్మా. ఒక్క ఇల్లు ఒరిగిందా? గీతలో ఉన్నది నన్నడుగు. లోతు పత్రంలో ఉంది. పత్రాన్నే అడుగు."

మూడోసారి ఎర్రప్పను అడిగింది.

"అక్కా, పునాది సంగతి నువ్వు చెబితే, రేపటి నుంచి చీర అంచు సంగతి నేను చెప్పాలి. నేను చెప్పిన అంచు కట్టుకుంటావా?" అన్నాడు ఎర్రప్ప. అందరూ నవ్వారు.

"బాగా రాకపోతే విప్పేసి మళ్లీ నేస్తాను తమ్ముడూ. ఇల్లు విప్పగలవా?" అంది మునెమ్మ.

నవ్వు కాస్త తగ్గింది. పోలోజు ముగ్గు వైపు ఒకసారి చూశాడు. ఇంకొక్క మాట పడితే ఆయన గొయ్యి తీయించి ఉండేవాడేమో.

అప్పుడు చంగయ్య మునెమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "ఊరుకోవే. పదహారేళ్లకు గోడ వస్తుంటే పెద్దల ముందు పేచీ ఏమిటి? వాళ్లు అలిగి వెళ్లిపోతే మళ్లీ ఆ పశువుల పాకే గతి."

అలా అని చంగయ్యే ముందుగా "సరే" అన్నాడు. ఆ వెనక మిగతా ఇద్దరూ అన్నారు. పత్రం మీద మూడు గుర్తులు పడ్డాయి. పోలోజు కొలబద్ద బొమ్మ వేశాడు, ఎర్రప్ప తాపీ బొమ్మ, చంగయ్య మగ్గంలో అటూ ఇటూ దారం వేసే నాడె బొమ్మ. మునెమ్మను ఎవరూ గుర్తు అడగలేదు.

వానలు రాకముందే ఇల్లు లేచింది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. మెచ్చుకోవడం ఇష్టం లేనివాళ్లు గడప కొంచెం ఎత్తుగా ఉందన్నారు. మునెమ్మ కూడా అడిగినదంతా మరిచిపోయి, పడమటి గోడ పక్కన మగ్గం వేసి చీర మొదలుపెట్టింది.

మొదటి వానకు పడమటి గోడ మీద దారమంత పగులు వచ్చింది. ఎర్రప్ప వచ్చి సున్నం పూశాడు. "కొత్త గోడ కదా, మురిసిపోతే అలాగే విచ్చుకుంటుంది" అన్నాడు.

రెండో వానకు పగులులో చిటికెన వేలు పట్టింది. పోలోజు వచ్చి చూశాడు. "ఇల్లు సర్దుకుంటోందిలే. కొత్త కోడలు సర్దుకోవడానికి ఆరు నెలలు పట్టదూ?" అన్నాడు.

మూడో వాన మూడు రోజులు కురిసింది. నాలుగో రోజు ఎండ కాసింది. చంగయ్య నూలు తడపడానికి వాగుకు వెళ్లాడు. మునెమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంది. చీర ఇంకా జానెడు మిగిలింది.

గోడ లోపలికి పడింది.

ఊరంతా పరిగెత్తింది. రాళ్లు తీయడానికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు ఎవరూ ఏ వంకా పెట్టలేదు, ఎవరి గురించీ ఏమీ అనుకోలేదు. ఆ జానెడు నేయడానికి మనిషి లేదు.

పన్నెండో రోజు వెళ్లాక కొమ్మరాజుగారు అందరినీ పిలిపించారు. "తప్పు ఎవరిది?" అని అడిగారు.

"ప్రభూ, నేను రాసింది నేను కల్పించింది కాదు. మా నాన్న పత్రంలోనూ అదే ఉంది" అన్నాడు సూరప్ప.

"నా గీతలో వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించండి. లోతు పత్రంలో ఉంది" అన్నాడు పోలోజు.

"పత్రంలో మోకాలి లోతు అన్నారు. నేను నాలుగు వేళ్లు ఎక్కువే తవ్వాను" అన్నాడు ఎర్రప్ప.

రాజుగారు మీసం సర్దుకున్నారు. ముగ్గురూ పత్రాన్నే చూపిస్తున్నారు కనక తప్పు పత్రానిదే అయి ఉండాలని తోచింది. "అయితే పత్రాన్ని కాల్చేయండి" అన్నారు. సభలో అందరి గుండెలూ తేలికపడ్డాయి. ఒక తాటాకు కట్టను శిక్షిస్తే ఎవరికీ నొప్పి ఉండదు.

చంగయ్య లేచాడు.

"కాల్చకండి ప్రభూ. దాని మీద నా నాడె గుర్తు ఉంది. నేనూ ఒప్పుకున్నవాణ్ణే. మునెమ్మ మూడుసార్లు అడిగింది. లేఖరిగారు వినలేదు, తాత వినలేదు, మేస్త్రీ నవ్వాడు. అయినా అది ఊరుకోలేదు. ఊరుకోమన్నది నేను. మొదటి సరే నాది. ఆ సరే కాలితే నా తప్పు కూడా కాలిపోతుంది. అది ఉండాలి."



పోలోజు మెల్లగా లేచాడు. "ప్రభూ, తమ పెట్టెలో మొదటి పత్రం ఉంటుంది. తెప్పించండి."

తెచ్చి విప్పారు. ఆరో మాట దగ్గర బెత్తెడు ఖాళీ.

"ఇక్కడ ఏమీ రాయలేదేం?" అన్నారు రాజుగారు.

"నేలను చూసి రాయాలని వదిలారు ప్రభూ. మా తాత గొయ్యి తీసేవాడు. చిన్నప్పుడు నేను కళ్లారా చూశాను. తెలిసీ తీయలేదు" అన్నాడు పోలోజు. సూరప్ప తల వంచుకుని, ఆ ఖాళీని నింపింది మా నాన్న కాదు, నేనే అన్నాడు.

పత్రాలన్నిటిలో ఆ చోటు మళ్లీ ఖాళీగా ఉంచాలనీ, ముగ్గు పోసిన చోట ఎవరు ఏ సందేహం అడిగినా, పశువులు కాచేవాడు అడిగినా సరే, గొయ్యి తీసి చూపించాకే గుర్తులు పెట్టాలనీ రాజుగారు ఆజ్ఞ ఇచ్చారు.

"చంగయ్యా, వీళ్లకు ఏ శిక్ష వేయమంటావు?" అని అడిగారు.

"శిక్ష వద్దు ప్రభూ. అక్కడ ఎంత లోతు రాసి ఉండాల్సిందో నాకు తెలియాలి. అంతే."

అందరూ వాగు ఒడ్డుకు వెళ్లారు. ఎర్రప్ప గునపం పట్టాడు. సూరప్ప మట్టి ఎత్తాడు. పోలోజు కొలబద్ద పట్టుకుని గోతిలోనే నిలబడ్డాడు. మోకాలి లోతు నల్లమట్టి. నడుము లోతు నల్లమట్టి. తల మునిగేదాకా తవ్వారు. ఇంకో మూరెడు దిగాక మట్టి తెల్లబడింది, గునపం దిగడం మానేసింది. గట్టి నేల.

"ఎంతసేపు పట్టింది?" అని అడిగారు రాజుగారు.

"ఒక్క పూట, ప్రభూ" అన్నాడు గోతిలోంచి ఎర్రప్ప.

చంగయ్య గోతి అంచున కూర్చుండిపోయాడు. పన్నెండు రోజులుగా ఒక్క కన్నీటి బొట్టు రాల్చనివాడు, ఆ తెల్లమట్టిని చూసి "ఇంత దగ్గరేనటే మునెమ్మా" అని ఏడ్చాడు.

పెద్దలు రాసిన పత్రం దారి చూపుతుంది గాని నేలను చూడదు. చూడకుండా మనం చెప్పిన సరే ఎవరి మీద పడుతుందో ఏ పత్రంలోనూ రాసి ఉండదు.