రాజుగారి మీసం మీద కళాయి

ఒకానొక రాజ్యంలో వరసగా మూడేళ్ళు వాన లేదు. రాజు మాత్రం ఉన్నాడు. పేరు గజప్రతాపరాయలు.

జనం ఆకులూ అలములూ తిని రాలిపోతుంటే ఏలినవారికి జాలి కలిగింది. ఏడు ఊళ్ళకు ఏడు పెద్ద రాగి గంగాళాలు చేయించి, జొన్న అంబలి కాచి పొయ్యమన్నారు. మంచి పనే. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ రాజుకు జాలి కలిగిన సంగతి నలుగురికీ తెలియకపోతే ఆ జాలి ఎందుకు? అందుకని ప్రతి గంగాళంలో, లోపలి గోడ మీద నిలువునా తన ముఖం చెక్కించాడు. అంబలి తరిగేకొద్దీ ముందు కిరీటం, తర్వాత కళ్ళు, ఆఖరికి మీసాలు బయటపడతాయి.

రాగి పాత్రలో పులుపు పెట్టాలంటే లోపల కళాయి ఉండాలి. ఈ మాట గిన్నెలు తోమే ప్రతి ఆడదానికీ తెలుసు. తగరం కరిగించి పూసిన ఆ తెల్లని పొర లేకపోతే, పులుపు రాగిని కొరుకుతుంది. పచ్చగా చిలుము ఎక్కుతుంది. తిన్నవాళ్ళకు వాంతులు పట్టుకుంటాయి.

అయితే కళాయి పూస్తే గీతలు పూడిపోతాయి. రాజుగారి ముఖం మాసిపోతుంది. కనుక శాసనం పుట్టింది: గంగాళాలకు కళాయి వెయ్యరాదు. రాజముఖం ఉన్న పాత్రను నిందిస్తే నాలుక కోత. అందులోది ఎవరు పారబోసినా నూరు కొరడా దెబ్బలు.

కళాయి పూసే హుస్సేనప్ప ముసలివాడు. శాసనం విన్నాడో, విననట్టు నటించాడో గాని, తిత్తి తీసుకెళ్ళి మొదటి గంగాళం దగ్గర కొలిమి పెట్టాడు. సరిగ్గా ఒక మీసం కప్పేసరికి భటులు వచ్చి పట్టుకుపోయారు.

అంబలి ఒక పూట నిలవుంటే పులుస్తుంది. మూడో పూటకు అంచులు పచ్చబడ్డాయి. జనం చూశారు, చూసే తాగారు. ఆకలి రుచెరగదంటారు. రంగూ ఎరగదు. ముందు పసివాళ్ళు పడిపోయారు.

హుస్సేనప్ప కూతురు దస్తగిరమ్మ. పందొమ్మిదేళ్ళది. తండ్రి వెంట తిత్తి ఊది ఊది చేతులు మొరటుదేలాయి, నోరు పదునెక్కింది. కొలువుకు వెళ్ళి నిలబడింది.

"ప్రభూ, మా నాయన్ని వదలండి. ఆయన కప్పింది మీ ముఖాన్ని కాదు, విషాన్ని."

ఆస్థాన పండితుడు తర్కభయంకర విరూపాక్ష శాస్త్రి లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు. "పిల్లా, రాగిని దేంతో తోముతారు?"

"చింతపండుతో."

"తోమితే?"

"మెరుస్తుంది."

"చూశారా ప్రభూ! శత్రువు తాకితే ఎవడైనా మెరుస్తాడా? పులుపు రాగికి మిత్రం. జనానికి వాంతులవుతున్నాయంటే అది వాళ్ళ పూర్వజన్మ పాపం కక్కుకోవడం."

సభ చప్పట్లు కొట్టింది.

"శాస్త్రులవారూ," అంది దస్తగిరమ్మ, "ఆ మెరుపు ఎలా వచ్చిందో అడగరేం? పులుపు రాగి పైపొర తినేస్తే వచ్చింది. తిన్నది ఎక్కడికి పోయింది? తోమిన నీళ్ళలోకి. ఆ నీళ్ళు మేం కుక్కకు కూడా పెట్టం. మీరు ఊళ్ళకు ఊళ్ళు తాగిస్తున్నారు."

శాస్త్రి మళ్ళీ ఉత్తరీయం సర్దుకున్నాడు. జవాబు రాజు దగ్గర ఉంది. "నాలుక మీద ఆశ ఉంటే ఇంటికి పో," అన్నాడు.

వాదంలో గెలిచింది. గంగాళం గంగాళంలాగే ఉంది. ఆ రోజు ఇంటికి పోతూ ఆమె నేర్చుకున్నది ఒక్కటే: చెవులు మూసుకున్నవాడికి మాట కాదు, గిన్నె చూపించాలి.

నాలుగో రోజు రాజుగారి పుట్టినరోజు. సామంతులు ఏనుగులు తెచ్చారు, కవులు పద్యాలు తెచ్చారు. దస్తగిరమ్మ మూత పెట్టిన చిన్న రాగి గిన్నె తెచ్చి, వంగి దణ్ణం పెట్టింది.

"ఆనాడు తెలివితక్కువగా వాగాను ప్రభూ. ఇంటికెళ్ళి ఆలోచిస్తే గుండె తరుక్కుపోయింది. మీ ముఖం చూసుకుంటూ తినే భాగ్యం ఈ రాజ్యంలో చిన్నా పెద్దా అందరికీ ఉంది. మీకు తప్ప!"

రాజు మీసం కదిలింది. "నిజమే సుమా!"

"అందుకే ఈ గిన్నెలో మీ ముఖం నా చేత్తో చెక్కాను. మీరు దానం చేసిన అంబలే పోశాను. గంగాళంలో ఎన్నాళ్ళుంటుందో ఇందులోనూ అన్నాళ్ళే, మూడు రోజులు, ఉంచాను. పుట్టినరోజు పూట మీ ప్రసాదం మీరే స్వీకరించండి."

పొంగిపోయి మూత తీశాడు రాజు. లోపల అంబలి నెమలికంఠం రంగులో ఉంది. పైన తేలిన కిరీటం చుట్టూ పచ్చని బూజులా చిలుము. కంపుకు రాజు తల వెనక్కి పోయింది.

"ఇదేమిటి! పారబొయ్యండి!"

"అయ్యయ్యో, నెమ్మదిగా ప్రభూ," అంది దస్తగిరమ్మ. "రాజముఖం ఉన్న పాత్ర. పారబోస్తే నూరు కొరడా దెబ్బలు. ఎవరికైనా సరే అని శాసనంలో ఉంది."

రాజు శాస్త్రి వైపు తిరిగాడు. "మిత్రం అన్నారు కదా. ముందు మీరు పుచ్చుకోండి."

"నాకివాళ ఉపవాసం ప్రభూ."

"ఇవాళ ఏం తిథి?"

"ఏదో ఒక తిథి ప్రభూ," అన్నాడు శాస్త్రి, చెమట తుడుచుకుంటూ.

దస్తగిరమ్మ తలెత్తి చూసింది.

"ఏలినవారు భోంచేసేది బంగారు పళ్ళెంలో. బంగారాన్ని ఏ చింతపండూ కొరకదు. అందుకే ఈ సంగతి మీదాకా రాలేదు. తాగండి, తెలుస్తుంది. పారబొయ్యండి, కొరడా తెప్పిస్తారు. రెండూ వద్దంటే ఆ ముఖం మీద కళాయి పూయించండి."

రాజు గిన్నె వంక చూశాడు, సభ వంక చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఓడిపోయిన రాజులు ముఖం దాచుకునే గుడ్డ అదొక్కటే. రాజు నవ్వితే సభంతా నవ్వింది. శాస్త్రి అందరికంటే గట్టిగా నవ్వాడు.

"భలే గడుసుదానివే! శాసనం రద్దు. నీ తండ్రిని విడిచిపెట్టాం. ఇదిగో, బంగారు గిన్నె కూడా పట్టుకుపో!"

చెర కాపలాదారుకు కబురు వెళ్ళింది. వాడు ఒక్కడే వచ్చాడు. తలెత్తలేదు.

"హుస్సేనప్ప మొన్నటిదాకా ఉన్నాడు తల్లీ."

దస్తగిరమ్మకు లెక్క అందింది. ఆమె ఈ గిన్నెకు మూత పెట్టి పులవనిచ్చిన మూడు రోజుల్లో, అది రెండోది.

"ఏం పెట్టారు ఆయనకు?"

"అంబలే."

"ఏ పాత్రలోది?"

కాపలాదారు రాజు వంక చూశాడు. రాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆపడం ఎలాగో తెలియనట్టు.

బంగారు గిన్నె నేల మీదే ఉండిపోయింది. దస్తగిరమ్మ తండ్రి తిత్తి అడిగి తీసుకుని ఏడు ఊళ్ళూ తిరిగింది. కొలిమి రాజేసి, తగరం అతుక్కోవడానికి నవాసారం చల్లి, తగరం కరిగించి, దూదితో రుద్ది ఆరు గంగాళాల్లోనూ ఆ ముఖం పూర్తిగా కప్పేసింది. తండ్రి మొదలుపెట్టినదానిలో ఒక మీసం అప్పటికే కప్పి ఉంది. దాని మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. తక్కిందంతా పూసింది.

వాంతులు ఆగాయి. పోయిన పసివాళ్ళు రాలేదు. వానా రాలేదు.

ఈ కథ చెప్పేవాళ్ళు రాజు నవ్విన చోట ఆపేసి, తామూ నవ్వుతారు. నవ్వండి, కాదనను. కానీ కళాయి పనివాళ్ళకు తెలిసిన ముక్క ఒకటుంది. కళాయి ఏడాదైనా నిలవదు. గరిటె గీరుకునేది గోడ అడుగునే కనుక పొర అక్కడే ముందు అరుగుతుంది.

ముందు మీసం బయటపడుతుంది.