ఆరు జాలీల గాలి

వైశాఖ బహుళ ఏకాదశి, శనివారం, మధ్యాహ్నం మూడుంపావు. నెల్లూరులోని పారాయణ మందిరంలో వర్ధనమ్మ తన గురువు మాణిక్యాంబ గారిని ఆ ప్రశ్న అడిగింది సరిగ్గా అప్పుడు. వర్ధనమ్మ ఇంట్లో పెళ్లిరోజులైనా మరిచిపోయారేమో గాని, ఈ రోజును మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

"అమ్మా, కోడళ్లిద్దరూ నాకు రెండు కళ్లు. ఇద్దరికీ ఒకటే నియమం పెట్టాను. ఐదింటికి లేచి, స్నానం చేసి, పొయ్యి వెలిగించాలి. వంటింటి వంతులు చెరి సగం. పెద్దది సుభాషిణి కిమ్మనదు. చిన్నది నవనీత ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది, నిజమే. అంతమాత్రాన తనకు వేరే నియమం పెడితే పెద్దదానికి అన్యాయం కాదా? ఇప్పుడేమో సోమవారం వేరింట్లో పాలు పొంగిస్తానంటోంది. గిన్నె కూడా కొనుక్కుంది. నా సమదృష్టిలో లోపం ఎక్కడుందమ్మా?" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అడిగిన వెంటనే బదులివ్వడం మాణిక్యాంబ గారికి ఎన్నడూ అలవాటు లేదు.

"కూర్చో వర్ధనా. మస్తాన్ వచ్చాడు. అతని పని చూద్దాం" అన్నారు.

మర్నాడే సప్తాహం మొదలు. ఏడు రోజులూ అఖండదీపం కొండెక్కకూడదు. వేసవి ముదిరిందని మందిరానికి ఆ నెలలోనే ఏసీ పెట్టించారు. మిషన్ వేదిక పక్కన ఉంటుంది. అక్కణ్నుంచి పైకప్పులో గొట్టం వెనకదాకా పోతుంది. ఆ గొట్టానికి కిందగా చదరపు జాలీలు ఆరు, వాటిలోంచి చల్లగాలి. పెట్టిన మర్నాటి నుంచీ ముందు కూర్చున్నవాళ్లు శాలువాలు కప్పుకుంటున్నారు, వెనకవాళ్లు విసనకర్రలు విసురుకుంటున్నారు. మొదటి జాలీ కింద నిన్న వెలిగించి చూసిన దీపం రెండుసార్లు ఆరిపోయింది. అందుకే మెకానిక్ మస్తాన్‌కు కబురు వెళ్లింది.

అతను నిచ్చెనెక్కి తొంగిచూసి, "ఆరూ బార్లా తెరిచుండాయే! ఎవురు తెరవమనింది?" అన్నాడు.

"నేనే" అంది వర్ధనమ్మ. "దేవుడి ముందు ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా ఏమిటి? బిగించిన రోజే నిలబడి, అన్నిటినీ సమానంగా తీయించాను."

"మీరు చెప్పింది న్యాయమేనమ్మా, గాలి వినొద్దా? మిషన్ పక్కనుండే జాలీ ముందే మింగేస్తది. ఆఖరుదానికి మిగిలేది నిట్టూర్పే." రెండో జాలీ దగ్గర ఆగాడు. "ఇదేందమ్మా, ఈడ శుభలేఖ అంటించినారు?"

ఒత్తులు చేసుకుంటున్న శేషమ్మ గారు తలెత్తారు. "మెడ పట్టేసింది నాయనా, నేనే అంటించాను. మా మనవడి పెళ్లిదేలే, గట్టి అట్ట."

"మీ మెడ బాగుపడింది గాని, ఆ గాలంతా పక్కామె నెత్తిన పడతాంది."

"అందుకేనా కామాక్షి నాలుగు రోజులుగా తుమ్ముతోంది!" అని శేషమ్మ గారు నోరు నొక్కుకున్నారు.

మస్తాన్ అగరొత్తి ఒకటి అడిగి తీసుకున్నాడు. వెలిగించి ఒక్కో జాలీ కిందా పట్టుకుని, పొగ ఎటు పోతోందో చూశాడు. మొదటి జాలీ లోపలి రేకును పావు వంతే తెరిచి ఉంచాడు. దీపం మీదికి దిగే గాలి కప్పు వెంట జారిపోయేలా దాని పలకలు వంచాడు. శుభలేఖ పీకేసి రెండోదాన్ని సగానికి తెచ్చాడు. వెనక్కి పోయేకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త తెరుస్తూ, ఆఖరుదాన్ని మాత్రం పూర్తిగా వదిలేశాడు. ఆ తర్వాత నిచ్చెన దిగి, గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"అయిపోయిందా?" అంది వర్ధనమ్మ.

"యాడమ్మా! ఒకదాన్ని ముయ్యగానే ఆ గాలి మిగతావాటికి పోయింది. వాటి లెక్కంతా మారిపోయుంటది. గది సర్దుకోనీండి, మళ్లా మొదటికొస్తా."

అలా మూడు చుట్లు తిరిగాడు. మూడోసారి దిగేసరికి ఐదు కావస్తోంది. మాణిక్యాంబ గారు దీపం వెలిగించి, వర్ధనమ్మను ఆరు చోట్లా కాసేపు కూర్చుని రమ్మన్నారు. ఆమె కూర్చుంది. ముందూ వెనకా ఎక్కడైనా ఒకటే చల్లదనం, కడవ మీద చెయ్యి పెట్టినట్టు. వత్తి నిటారుగా వెలుగుతోంది. తలెత్తి జాలీలను ఒక్కొక్కటే చూసింది.

"పైన ఏ రెండూ ఒక్కలా లేవమ్మా" అంది, ఫిర్యాదు చేస్తున్నట్టే.

"కింద కూర్చున్నదానివి నువ్వే కదా, కింద ఎలా ఉందో నువ్వే చెప్పు" అన్నారు మాణిక్యాంబ గారు.

మర్నాడు ద్వాదశి. వర్ధనమ్మ ఐదింటికి లేచింది. నవనీత గది తలుపు తట్టలేదు. తనే పొయ్యి వెలిగించింది. అది చూసి సుభాషిణి గుమ్మంలోనే ఆగిపోయింది.

"చెల్లెల్ని లేపరా అత్తయ్యా? ఇవాళ్టి నుంచి తనకో నియమం, నాకో నియమమా?"

ఆ మాట చురుక్కుమంది. అయినా వర్ధనమ్మ పీట జరిపి పక్కన కూర్చోమంది. "నిన్ను ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదమ్మా. నీకేం కావాలి?"

సుభాషిణి పీట మీద కూర్చుని, పొయ్యి మంట తగ్గించింది. తర్వాత, "సప్తాహానికి ఏడు రోజులూ మీతో నేనూ రావాలి. తిరగమోతల మధ్య పురాణం సగం సగం విని విసిగిపోయాను" అంది.

ఏడున్నరకు నవనీత జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "లేపలేదేం అత్తయ్యా? చెడ్డ పేరు చాలలేదా నాకు?" అంటూనే తన కోసం మూతపెట్టి ఉంచిన కాఫీ చూసి ఆగింది. అది తాగి గ్లాసు కడిగింది. "ఈ వారం వంట నాకొదిలేసి మీరిద్దరూ వెళ్లిరండి. నా డ్యూటీ రెండింటికి కదా" అని గదిలోకి వెళ్లి, కొత్తింటికని కొన్న ఇత్తడి గిన్నె తెచ్చి, పాలు అందులో పోసి పొయ్యి మీద పెట్టింది. సోమవారం మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ ఉదయం మందిరంలో గురువు కాళ్లకు దణ్ణం పెట్టి వర్ధనమ్మ, "కుదిరిందమ్మా" అంది.

మాణిక్యాంబ గారు దీపం దగ్గర అగరొత్తి ఒకటి వెలిగించి ఆమె చేతికిచ్చారు.

"ఇది మొదటి చుట్టే, వర్ధనా."