రాజుగారికే దొరకని ఊటనీళ్లు

అనగనగా ఒక రాజు. ఆయనకు ఏడు కోటలు, ముగ్గురు కొడుకులు. తాగడానికి మాత్రం గుక్కెడు ఊటనీళ్లు లేవు. ఎందుకంటారా? తన జబ్బు నయం చేసిన గండకుడనే మాంత్రికుడికి, "కొండ ఊటలో నీళ్లు తోడే హక్కు నీకు తప్ప మరెవ్వరికీ లేదు" అని రాగిరేకు మీద రాసిచ్చాడు. ఊట నాదే కదా అన్న ధీమా ఆయనది. మర్నాడు చెంబు పట్టుకుని వెళితే గండకుడు అడ్డుపడ్డాడు.

"ఊట తమదే మహారాజా. మరెవ్వరికీ అంటే తమకు కూడా."

రాజు మాట తప్పలేదు. ఊరంతా వాననీళ్లతో గొంతు తడుపుకుంది. గండకుడు ఊటను మంత్రంతో కట్టేసి ఏడు సముద్రాల అవతలికి వెళ్లిపోయాడు.

పెద్దకొడుకు కత్తితో వెళ్లి రాయైపోయాడు. రెండోవాడు కానుకలతో వెళ్లి రాయైపోయాడు. మూడోవాడు ఉదయకేతుడు. నాన్న నిలబెట్టిన మాట మీద మచ్చ పడకూడదని అతని పట్టుదల. బుట్టెడు జామపళ్లతో బయలుదేరాడు. ఒకప్పుడు అతను ఎండిన చెరువులోంచి కాపాడిన తాబేలు సముద్రాలు దాటించింది.

"వాడి ప్రాణం చిలకలో ఉంది బాబూ," అంది. "రాసిచ్చిన మాట తప్పితే వాడి మంత్రాలన్నీ పోతాయి."

అక్కడ చిలక పంజరంలో విసిగి మేత మానేసింది. గండకుడు మంచం పట్టాడు. ఉదయకేతుడు జామపండు పెడితే చిలక తిన్నది.

"ఇక్కడే ఉండిపో అబ్బాయీ," అన్నాడు గండకుడు.

"ఉంటాను. చిలకకు మేత పెట్టే హక్కు నాకు తప్ప మరెవ్వరికీ లేదని రాసివ్వండి."

చిలక నాదే కదా అనుకున్నాడు గండకుడు. కూతురు మాలినిక చేత రాయించాడు. ఆమె రేకు వంక ఒకసారి, కుర్రవాడి వంక ఒకసారి చూసి రాసింది.

ఆ మర్నాటి నుంచి ఉదయకేతుడు మేత పెట్టలేదు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. మూడో రోజు గండకుడే పండు పట్టుకుని తూలుతూ వచ్చాడు.

"ఆగండి. ఆ హక్కు మీకు లేదు."

"చిలక నాదిరా!"

"మీదే. ఊట కూడా మా నాన్నదే."

గండకుడు రాజు రాసిచ్చిన రాగిరేకు తెచ్చి అతని చేతిలో పెట్టాడు, ఊటకు వేసిన మంత్రం విప్పాడు, అన్నలను మనుషుల్ని చేశాడు, పంజరం తలుపు తీశాడు. మాలినికను ఇచ్చి పెళ్లి చేశాడు.

రాజు తన చెంబుతో తానే ఊటనీళ్లు తోడుకుని తాగాడు. "మా చిన్నవాడు నన్ను మాట తప్పనివ్వలేదు," అని కనిపించిన ప్రతివాడికీ గర్వంగా చెప్పుకున్నాడు.

తరువాత ఉదయకేతుడు అరవై ఏళ్లు ఏలాడు. ఎవరికి ఏ హక్కు రాసిచ్చినా, ముద్ర పడేముందు రాణి మాలినిక ఆ రేకు చదివేది. "మరెవ్వరికీ" అన్న మాటతో గుమ్మం బయట నిలబడేవాళ్లలో తన మొగుడు కూడా ఉన్నాడేమో చూసుకునేది.