బిరుదుల కుండ

రాజుగారు రాళ్ల క్వారీకి వెళ్లే దారిలో చలివేంద్రం పెట్టించారు. ఒక పందిరి, తడి ఇసుక మీద ఒక మట్టికుండ, నీళ్లు పోయడానికి ఒక ముసలమ్మ. అంతకుమించి ఏమీ లేదు, అవసరం కూడా లేదు.

ముసలమ్మ కూతురు ఆ క్వారీలోనే రాళ్లు కొడుతుంది. కిందటేడు ఎండకు రెండుసార్లు పడిపోయింది. మూడోసారి పడితే లేవదని వైద్యుడు చెప్పాడు. అందుకే ముసలమ్మ జీతం మాట ఎత్తకుండా ఈ పనికి ఒప్పుకుంది.

కుండ రోజంతా చెమర్చేది. నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేవి.

ఒకరోజు మంత్రి వచ్చి కుండ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది ఎవరు పెట్టించారో జనానికి ఎలా తెలుస్తుంది?"

"తాగినోళ్లందరికీ తెలుసు బాబూ."

ఆ జవాబు మంత్రికి నచ్చలేదు. కుండ మెడ మీద నూనెరంగుతో రాజుగారి పేరు రాయించాడు. పేరొక్కటే ఉంటే బోసిగా కనిపించింది. కింద ఒక బిరుదు చేర్చారు. రాజుగారికి బిరుదులకేం కొదవ? వేసవి సగం గడిచేసరికి అక్షరాలు కుండ అడుగుదాకా దిగాయి. మధ్యలో ఖాళీలను రంగు పూలతో నింపారు.

కుండ చెమర్చడం మానేసింది. కూతురు ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"అమ్మా, ఇవి స్నానానికి బాగుంటాయే" అని నవ్వింది. నవ్వితే పెదవి పగిలి రక్తం వచ్చింది.

ముసలమ్మ పందిరి వదిలి లేచింది. తిన్నగా కోటకు వెళ్లింది.

"అయ్యా, కుండకి కంటికి కనపడని కన్నాలుంటాయి. నీళ్లు అందులోంచి బయటికి ఊరి, ఆరిపోతా లోపలి వేడిని తీసుకుపోతాయి. రంగు ఆ కన్నాలు మూసేసింది. గీకించండి బాబూ, నా పిల్ల బతకదు."

"రాజుగారి పేరు గీకాలా?" అన్నాడు మంత్రి.

రాజుగారు తెలివితక్కువవారేం కాదు. రంగు కుండ ఒకటి, వట్టి కుండ ఒకటి తెప్పించి, నీళ్లు నింపించి, పగలంతా ఎదురుగా కూర్చున్నారు. సాయంత్రం రెండిట్లోవీ రుచి చూశారు. వట్టి కుండలోవి మూడు గ్లాసులు తాగారు.

"ముసలమ్మ చెప్పింది నిజం" అన్నారు. ముసలమ్మకు సంతోషంతో ఏడుపొచ్చింది.

కోటలో రాజుగారు తాగే కుండకు చుక్క రంగు కూడా తగలకూడదని ఆ పూటే ఆజ్ఞ వెలువడింది. ఆ కుండను చూసుకునే ఉద్యోగం ముసలమ్మకే ఇచ్చారు. పందిట్లో ఆమె బదులు ఒక భటుణ్ణి పెట్టారు. చలివేంద్రం కుండ మీద పూల మధ్య చోటు వెతికి, 'పదార్థ విజ్ఞాన సార్వభౌమ' అని కొత్త బిరుదు రాయించారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కూతురు తూలుకుంటూ పందిట్లోకి వచ్చి కుండ మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టుకోకు" అన్నాడు భటుడు. "రంగు ఇంకా ఆరలేదు."