తొడిమలు తీయని గంప

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే ఆ అడవిలోని వాగు పూర్తిగా ఎండిపోయేది. వాన పడేదాకా పిల్లల గొంతు తడపడానికి జంతువులన్నీ కలిసి వాగు ఒడ్డున టమాటాలు పండించుకునేవి. కాపంతా ఒక్కసారే వచ్చేది. దాన్ని ఇరవై రోజులు నిలవ ఉంచాలి.

ఆ పని గౌరవ్వది. గౌరవ్వ ఒక ముసలి కొండముచ్చు. టమాటా పూర్తిగా పండాక కోస్తే నిలవదని, కాస్త ఎరుపు తిరగగానే కోయాలని అందరికీ నేర్పింది ఆమే. కాయల్ని కడగనిచ్చేది కాదు. ఒక్కొక్క కాయకీ తొడిమ తీసి, చల్లని గుహలో, ఎండుగడ్డి పరిచిన గంపల్లో బోర్లా పేర్చేది. తొడిమ ఉంటే అది ఎండి గట్టిపడి పక్క కాయను పొడుస్తుంది. పొడిచిన చోట కుళ్ళు మొదలవుతుంది. ఒకటి కుళ్ళితే గంపంతా పోతుంది.

ఆ ఏడు మూడు గంపల కాయలు వచ్చాయి. లచ్చన్న అనే ఏదుపంది ఆ గంపల్ని గుహదాకా నెట్టుకొచ్చాడు. గౌరవ్వ మొదటి గంపకు తొడిమలు తీసింది. రెండో గంపకు తీసింది. నడుం నొప్పెట్టి కాసేపు కూర్చుంది. లేచాక మూడోది కూడా అయిపోయిందనుకుని పైన గడ్డి కప్పేసింది.

లచ్చన్నకు అనుమానం వచ్చింది. "అవ్వా, మూడోదానికి తొడిమలు తీశావా?" అని మెల్లగా అడిగాడు.

"నాకే చెప్పొచ్చావా? నీకు ముళ్ళు మొలవకముందు నుంచి తీస్తున్నాను," అంది గౌరవ్వ.

లచ్చన్న నవ్వేసి ఊరుకున్నాడు. అవ్వ మాట మీద అతనికి అంత నమ్మకం.

ఐదో రోజు పొద్దున్నే గుహలో పుల్లటి వాసన వచ్చింది. గౌరవ్వ మూడో గంప మీది గడ్డి తీసి చూసింది. ప్రతి కాయకీ తొడిమ అలాగే ఉంది. కాయల నిండా చిల్లులు. అడుగు నుంచి రసం కారుతోంది.

ఆమె ఈ మధ్య దారులు మర్చిపోతోంది, పేర్లు మర్చిపోతోంది. ఇప్పుడు ఇది కూడా మర్చిపోయానని తెలిస్తే అందరూ ఏమనుకుంటారు? గబగబా తొడిమలన్నీ పీకి గడ్డి కింద దాచేసింది. ఆ తరవాతే అందర్నీ పిలిచింది.

దుప్పి తన రెండు పిల్లల్నీ వెంటేసుకుని వచ్చింది. కాయల్ని చూసి, ఎవరో పొడిచినట్టుందే అంది. నక్క లచ్చన్న వీపు వంక చూసింది.

"గంపలు నెట్టింది ఎవరో మరి. వీపు మీద సూదుల దుకాణం పెట్టుకుని," అంది నక్క.

అందరూ గౌరవ్వ వైపు చూశారు. లచ్చన్న తప్పేమీ లేదని ఆమె ఒక్క మాట అంటే చాలు. ఆమె అనలేదు.

లచ్చన్న తలొంచుకున్నాడు. నాకు తెలియకుండా గుచ్చుకున్నాయేమో, అవ్వ తప్పు చేయదుగా, అని అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ మాట వింటుంటే గౌరవ్వకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి దుప్పి పిల్లలిద్దరికీ కలిపి ఒక్క కాయే ఇచ్చారు.

మర్నాడు లచ్చన్న ఒంటినిండా మోదుగాకులు చుట్టుకుని తీగతో కట్టుకుని వచ్చాడు. ముళ్ళు ఎవరికీ తగలకూడదని పక్కపక్కగా నడిచాడు. దుప్పి పిల్లలు ఫక్కున నవ్వాయి. గౌరవ్వ నవ్వలేదు. తలెత్తనూ లేదు.

ఆ తరవాతి రోజు గుహ వెనక ఏదో చప్పుడైతే గౌరవ్వ వెళ్ళి చూసింది. లచ్చన్న తన ముళ్ళను పళ్ళతో ఒక్కొక్కటే పీకేసుకుంటున్నాడు. ఒక్కో ముల్లు మొదట్లో ఎర్రగా రక్తం కనిపిస్తోంది.

గౌరవ్వ తిన్నగా గుహలోకి వెళ్ళి, గడ్డి కింది తొడిమలు గుప్పిట నిండా తీసుకుని, అందర్నీ పిలిచి వాళ్ళ ముందు పోసింది.

"తొడిమలు నేనే తీయలేదు. మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పుకోవడానికి సిగ్గేసి దాచాను. లచ్చన్న అడిగినప్పుడు కసురుకున్నాను. వాణ్ణి మీరంతా అంటుంటే చూస్తూ నిలబడ్డాను," అంది.

దుప్పి తన పిల్లల ఎండిన పెదాలు చూసుకుని ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇంకా ఏమేం మర్చిపోయావు అవ్వా?" అని అడిగింది నక్క. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"అదీ గుర్తులేదు," అంది గౌరవ్వ.

లచ్చన్న పరవాలేదు అని అనలేదు. గుహ వెనక్కి వెళ్ళి పీకిన ముళ్ళలో మూడు ఏరుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తొడిమలు తీసిన గంపకల్లా ఒకటి గుచ్చు, కాయకు కాదు, గంప అంచుకు. ముల్లు లేని గంప నాకు చూపించు. ఇద్దరం కూర్చుని తీద్దాం," అన్నాడు.

మిగిలిన రెండు గంపల్నీ పొదుపుగా పంచుకున్నారు. గౌరవ్వ తన వంతు కాయ రోజూ దుప్పి పిల్లలకే ఇచ్చింది. తొలి వాన పడేసరికి గంప అడుగున ఒకే ఒక్క కాయ మిగిలింది.

మరుసటి ఏడు మూడు గంపల మీదా మూడు ముళ్ళు నిలబడ్డాయి. మూడో ముల్లు గుచ్చేటప్పుడు గౌరవ్వ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎన్ని మర్చిపోయినా, ఆ ముల్లు ఎలా వచ్చిందో మాత్రం ఆమె మర్చిపోలేదు.

నీతి: మరుపు ఎవరికైనా వస్తుంది, దాన్ని దాచిపెట్టి మన తప్పును ఇంకొకరి మీద పడనివ్వకూడదు.